యంత్రాల జీర్ణోద్ధరణ

మానవుడు వస్తువులను రెండు విధాలుగా తనవి చేసుకుంటాడు. వెల చెల్లించి కొనుక్కోవడం మొదటిది. దాని మర్మం తెలుసుకొని వశపరచుకోవడం రెండవది. పాడైన వస్తువును పారవేసి వెంటనే మరొకటి కొనేవాడికి ఆ వస్తువుతో ఉన్న సంబంధం వెల చెల్లించడంతోనే ముగుస్తుంది. దానిని విప్పి, లోపాన్ని కనిపెట్టి, సరిచేసి, తిరిగి నడిపించగలిగినవాడికే అది సంపూర్ణంగా స్వంతమవుతుంది. ఈ మాటకు చక్కని నిదర్శనం అమెరికా దేశంలో కనిపిస్తుంది. యాభై అరవై సంవత్సరాల కిందటి చిన్న తోట ట్రాక్టర్లను పాత కొట్టాలలో నుండి, తుక్కు దుకాణాలలో నుండి వెదకి తెచ్చి, బాగుచేసి, నడిపించే ఔత్సాహికులు అక్కడ ఎందరో ఉన్నారు. పైకి ఇది తీరిక వేళ వినోదంగా కనిపిస్తుంది. కాని వారు కాపాడుతున్నది ఇనుమును మాత్రమే కాదు, ఒక విద్యను కూడ అని నా విశ్వాసం. ఆ విద్య మన సమాజానికి ఎంత అవసరమో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తోట ట్రాక్టరు అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. మన పొలాలలో తిరిగే ట్రాక్టర్లు సాధారణంగా ముప్పై నుండి యాభై అశ్వశక్తి గలవి. తోట ట్రాక్టరు వాటి ముందు పసిబిడ్డ వంటిది. పాతకాలపు తోట ట్రాక్టర్లలో అధికభాగం ఏడు నుండి పదహారు అశ్వశక్తి గల పెట్రోలు ఇంజనుతో నడిచేవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో నగరాల వెలుపల విశాలమైన పెరళ్లతో కూడిన ఇళ్లు విస్తారంగా వెలిశాయి. ఎకరమో రెండెకరాలో ఉన్న ఆ స్థలంలో గడ్డి కోయాలి, కూరగాయల మడి దున్నాలి, శీతకాలంలో దారి మీద పేరుకున్న మంచును తొలగించాలి. పెద్ద ట్రాక్టరు అక్కడ ఇమడదు. మనిషి రెక్కల కష్టం చాలదు. ఆ అవసరం నుండి తోట ట్రాక్టరు పుట్టింది. ముందు మంచును నెట్టే పలక, కింద గడ్డిని కోసే కత్తులు, వెనుక చిన్న నాగలి తగిలించుకొని అది ఇంటిల్లిపాదికీ నమ్మకమైన సేవకుడై నిలిచింది.

దీని చరిత్ర ఆసక్తికరమైనది. పశ్చిమ వర్జీనియా రాష్ట్రానికి చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్లీ వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. తోట దున్నే మోటారు నాగలిని రూపొందించి 1916లో ఆయన దానిపై హక్కుపత్రం పొందాడు. 1946లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణంలో ఎల్మర్ పాండ్, సెసిల్ పాండ్ అనే తండ్రీకొడుకులు ఒక సంస్థను స్థాపించారు. వారి యంత్రాలు ‘వీల్ హార్స్’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కాయి. పెద్ద వ్యవసాయ యంత్రాలకు పేరుపొందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1961 నమూనాగా ‘కబ్ క్యాడెట్’ను విడుదల చేసింది. జాన్ డీర్ సంస్థ 1963లో ‘110’ అనే నమూనాతో ఈ రంగంలో అడుగుపెట్టింది. వీటిలో అనేకమైన వాటికి కోహ్లర్ సంస్థ తయారుచేసిన ఒంటి సిలిండరు ఇంజనే గుండెకాయ. స్నానపు తొట్లకు పేరుపొందిన ఆ సంస్థే పోత ఇనుముతో ఇంత గట్టి ఇంజన్లను చేయడం విశేషం.

కాలం ఎవరికోసమూ ఆగదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన తోట ట్రాక్టర్ల విభాగాన్ని 1981లో మరొక సంస్థకు అమ్మివేసింది. వీల్ హార్స్ 1986లో టోరో సంస్థ చేతికి వెళ్లింది. నమూనాలు మారాయి. పాతవాటికి కావలసిన విడిభాగాలు దుకాణాలలో క్రమంగా అరుదైపోయాయి. వ్యాపార న్యాయం ప్రకారం ఆ పాత యంత్రాల ఆయుస్సు అంతటితో తీరిపోవాలి. అయినా నేటికీ అవి నడుస్తున్నాయంటే, వాటిని తయారుచేసినవారు మరచిన విషయాలను వాడుకున్నవారు గుర్తుపెట్టుకోవడమే కారణం.

ఈ ఔత్సాహికుల పనితీరును పరిశీలిస్తే అది ఎంతటి బుద్ధికుశలతతో కూడినదో అర్థమవుతుంది. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఇంజను కదలనప్పుడు అనుభవం లేనివాడు బలప్రయోగం చేస్తాడు. ఏదో ఒకటి విరుగుతుంది. అనుభవజ్ఞుడు స్పార్క్ ప్లగ్గును విప్పి, ఆ రంధ్రంలో తుప్పును వదిలించే నూనె పోసి, కొన్ని రోజులు వేచి ఉంటాడు. తరువాత ఫ్లైవీల్‌ను చేతితో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలిస్తాడు. తుప్పు పట్టు సడలి, పిస్టన్ వెంట్రుకవాసి కదిలిన క్షణం అతనికి పండుగ. ఇనుము దగ్గర కూడ ఓర్పు కావాలని ఆ పని నేర్పుతుంది.

ఇంజను కదిలినంత మాత్రాన నడవదు. పెట్రోలు ఇంజను నడవాలంటే తగిన పాళ్లలో ఇంధనం, సరియైన సమయంలో నిప్పురవ్వ, సిలిండరులో చాలినంత ఒత్తిడి ఉండాలి. ఈ మూడింటిలో లోపించినది ఏదో వరుసగా పరీక్షించి తేల్చుకోవాలి. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీయవచ్చు, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. నిప్పురవ్వను పుట్టించే పాయింట్ల మధ్య ఎడం కోహ్లర్ పాత ఇంజన్లలో సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. అక్కడ మసి పేరుకున్నా, ఎడం తప్పినా ఇంజను మొరాయిస్తుంది. పాయింట్లను శుభ్రపరచి, పలుచని కొలత రేకుతో ఎడం సరిచూచి బిగిస్తే, అంతవరకు మూగగా ఉన్న యంత్రానికి మాట వస్తుంది.

మన తర్కశాస్త్రం అనుమాన ప్రమాణాన్ని వివరించేటప్పుడు పొగను చూచి నిప్పును ఊహించడాన్ని ఉదాహరణగా చెబుతుంది. యంత్రాన్ని బాగుచేసేవాడు ఆ తర్కాన్ని ఇంకొక మెట్టు ఎక్కిస్తాడు. పొగ నల్లగా వస్తే ఇంధనం పాలు ఎక్కువైందని, నీలివన్నెగా వస్తే సిలిండరులో నూనె కాలుతున్నదని గ్రహిస్తాడు. నూనె కాలుతుంటే పిస్టన్ రింగులు అరిగాయా, మరొక దారిన నూనె చేరుతున్నదా అని ఆలోచిస్తాడు. కార్యం నుండి కారణానికి, ఒక కారణం నుండి దాని మూలానికి నడిచే ఈ ఆలోచన శాస్త్రీయమైనది కాక మరేమిటి? ఇది చేతులకు మసి అంటే పని కాబట్టి బుద్ధికి పని లేదనుకోవడం పొరపాటు. చేయి తడబడినా పని చెడుతుంది, బుద్ధి తప్పినా పని చెడుతుంది. రెండింటినీ ఒకే కాడికి కట్టే విద్య ఇది.

ఈ పనిలో మరొక గొప్ప లక్షణం ఉంది. ఇది ఒంటరివాడి వల్ల అయ్యేది కాదు. ఒకని వద్ద ఇంజను బాగుంటుంది, గేరుపెట్టె పగిలి ఉంటుంది. మరొకని వద్ద గేరుపెట్టె బాగుంటుంది, ఇంజను చెడి ఉంటుంది. ఒకని ఇంటి అటక మీద అరవై ఏళ్ల కిందటి వివరణ పుస్తకం ఉంటుంది. మరొకనికి తరణి పట్టే నేర్పు ఉంటుంది, దొరకని భాగాన్ని అతడు తానే మలచి ఇవ్వగలడు. వేసవి కాలంలో వీరు తమ యంత్రాలతో ఒకచోట కలుసుకుంటారు. విడిభాగాలు మార్చుకుంటారు, బరువులు లాగే పోటీలు పెట్టుకుంటారు. ఏ బోల్టు ఏ వైపుకు తిరుగుతుందో, ఏ మూత విప్పేటప్పుడు ఏ స్ప్రింగు ఎగిరిపోతుందో పెద్దవారు చిన్నవారికి చెబుతారు. ఇటువంటి సంగతులు ముద్రిత గ్రంథాలలో చాలావరకు కనిపించవు. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మాత్రమే అవి సంక్రమిస్తాయి.

సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి కొత్తది కాదు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఒకే తాళపత్ర ప్రతిని నమ్ముకోడు. ఒక ప్రతిలో చెదలు తిన్న పద్యం మరొక ప్రతిలో నిలిచి ఉంటుంది. ఒక లేఖకుడు జారవిడిచిన అక్షరాన్ని వేరొకడు కాపాడి ఉంటాడు. 1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ కడపలో పండితులను చేరదీసి, ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఆ సమష్టి కృషి వల్ల ఎన్నో తెలుగు గ్రంథాలు మనకు దక్కాయి. మూడు పాడైన ట్రాక్టర్లను పక్కపక్కన నిలిపి ఒక మంచి ట్రాక్టరును సిద్ధం చేసేవారు చేసేదీ ఇటువంటి పాఠపరిష్కరణమే. అక్కడ అక్షరాలకు బదులు మరలు, పత్రాలకు బదులు ఇనుప పలకలు ఉంటాయి. శ్రద్ధ ఒక్కటే.

ఇక్కడ పాఠపరిష్కర్తలకు వలెనే వారికీ ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. పాత యంత్రానికి కొత్త రంగు వేసి అద్దంలా మెరిపించాలా, లేక కాలం వేసిన గీతలను, వెలిసిన రంగును అలాగే ఉంచి లోపలి భాగాలను మాత్రం సరిచేయాలా? ఈ విషయమై వారిలో వారికే వాదాలు సాగుతుంటాయి. వీల్ హార్స్ ఎరుపు, కబ్ క్యాడెట్ పసుపు తెలుపు, జాన్ డీర్ ఆకుపచ్చ ఏ ఛాయలో ఉండాలనే దానిమీద కూడ పట్టుదలలు ఉన్నాయి. నా దృష్టిలో యంత్రానికి పని చేయడమే సౌందర్యం. రంగుపూసి ప్రదర్శనశాలలో నిలిపిన ట్రాక్టరు కంటె, రంగు వెలిసినా ఇంటి పెరడు దున్నుతున్న ట్రాక్టరే గౌరవనీయమైనది. వాడుకలో ఉన్న వస్తువును గురించిన జ్ఞానమే వాడుకలో ఉంటుంది.

ఇది పరాయిదేశపు ముచ్చట కదా, మనకేమి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. మన భాషలో ‘జీర్ణోద్ధరణ’ అనే గొప్ప మాట ఉంది. శిథిలమైన దేవాలయాన్ని, పూడిన చెరువును తిరిగి బాగుచేయించడం కొత్తగా కట్టించడానికి ఏమాత్రమూ తీసిపోని పుణ్యకార్యమని మన పెద్దలు భావించారు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో సంగీత నృత్యాల సరసనే వడ్రంగం ఉంది, యంత్రనిర్మాణానికి సంబంధించిన ‘యంత్రమాతృక’ ఉంది. పదకొండవ శతాబ్దికి చెందిన భోజమహారాజు పేరిట వెలసిన ‘సమరాంగణ సూత్రధారం’లో యంత్రాలను గురించి ఒక అధ్యాయమే ఉంది. దసరా పండుగనాడు తెలుగువారు పుస్తకాన్ని, కొడవలిని, పానాను, వాహనాన్ని ఒకే పసుపు కుంకుమలతో పూజిస్తారు. పనిముట్టుకు చేతులు జోడించే సంస్కారం మన రక్తంలో ఉంది.

మన గ్రామ జీవనమంతా మరమ్మతు మీదనే నడిచింది. నాగలి కర్రు అరిగితే రైతు కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్లి పదును పెట్టించుకొనేవాడు. బండి చక్రం వదులైతే వడ్రంగి సరిచేసేవాడు. పంట ఇంటికి వచ్చే వేళ కళ్లంలోనే వారికి ధాన్యం ‘మేర’గా కొలిచి ఇచ్చేవారు. ఆ ఏర్పాటులో కులకట్టుబాట్ల వంటి దోషాలు ఉన్నాయి. పని చేసేవారికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. ఆ దోషాలను విడిచిపెట్టవలసిందే. అయితే వాటితోపాటు నేర్పును కూడ విడిచిపెట్టడం వివేకం కాదు. నేడు విజయవాడ ఆటోనగర్‌లో లారీని విప్పి తిరిగి నిలబెట్టే పనివారిలో, పల్లె కూడలిలో పవర్ టిల్లరు బాగుచేసే యువకునిలో ఆ నేర్పు సజీవంగా ఉంది. వారిని మనం ఏ కంటితో చూస్తున్నామన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. పూర్వపు యంత్రాన్ని విప్పడానికి పానా చాలు. నేటి యంత్రాలలో పలు భాగాలను విప్పడానికి వీలులేకుండా మూసివేస్తున్నారు. మరికొన్నింటిలో కంప్యూటరు తాళాలు ఉంటాయి. తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేరు లేనిదే లోపం ఏమిటో కూడ తెలియదు. కోతల వేళ ట్రాక్టరు ఆగిపోతే, స్వంత ట్రాక్టరును స్వంతంగా తెరవలేని దుస్థితి రైతుకు ఏర్పడుతుంది. అమెరికా రైతులు దీనిపై గట్టిగా పోరాడారు. ఫలితంగా కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కును గుర్తిస్తూ చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2025 జనవరిలో అమెరికా సమాఖ్య వాణిజ్య సంఘం ఈ విషయమై జాన్ డీర్ సంస్థపై దావా వేసింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని ఏర్పరచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను అందుకు ఎంచుకున్నది. ఆ సంవత్సరమే డిసెంబరు 24న దీనికోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. చట్టం హక్కును ఇవ్వగలదు కాని నేర్పును ఇవ్వలేదు. బాగుచేయడం ఎరిగినవారు లేని సమాజంలో మరమ్మతు హక్కు చదువురాని వాని చేతిలోని పుస్తకం వంటిది.

పారవేసే అలవాటుకు మనం చెల్లిస్తున్న మూల్యం కూడ స్వల్పం కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి మళ్లించినట్లు నమోదైనవి నాలుగవ వంతు కూడ లేవు. ఆ గుట్టలలో చిన్న లోపానికే బయటికి వెళ్లిన వస్తువులు ఎన్ని ఉన్నాయో!

పాతదంతా మంచిదని నేను వాదించడం లేదు. పాత ఇంజన్లు కొత్తవాటి కంటె ఎక్కువ పొగను వదులుతాయి. నడిపేవాడు ఆసనం నుండి లేవగానే ఇంజనును ఆపివేసే రక్షణ ఏర్పాటు పాత తోట ట్రాక్టర్లలో చాలావాటికి లేదు. కాబట్టి వాటితో పనిచేసేవారు రెట్టింపు జాగ్రత్తతో ఉండాలి. కొత్త యంత్రం తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేస్తుంటే దానిని కాదనడం మూర్ఖత్వం. జీవనోపాధికి రోజంతా యంత్రాన్ని నడిపే రైతుకు పాతదాన్నే పట్టుకొని ఉండమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. నా వాదం ఒక్కటే. కొత్తది కొనవలసినప్పుడు కొనండి. కాని బాగుచేయడం చేతకాక కొనవలసిన దుస్థితిని తెచ్చుకోకండి. కొత్త యంత్రాన్ని కొనేటప్పుడు కూడ దానిని రేపు విప్పడానికి వీలుంటుందా అని అడగండి.

విద్యార్థులారా! మన చదువులలో ఒక లోపం చిరకాలంగా నిలిచి ఉంది. యంత్రశాస్త్రంలో పట్టా అందుకొని కూడ పానా పట్టడం ఎరుగనివారు మనలో ఉన్నారు. పానా పట్టి యంత్రాన్ని మాట్లాడించగలిగినా, పట్టా లేనందున చదువురానివానిగా లెక్కకు వచ్చేవారూ ఉన్నారు. ఇద్దరికీ సగం విద్యే అందింది. ఒకరి సగం మరొకరికి చేరితేనే విద్య సంపూర్ణమవుతుంది. అందుకు మార్గం మన కళాశాలలలోనే మొదలుకావాలి. వారానికి ఒక సాయంకాలం పాడైన సైకిలును, కుట్టుమిషనును, నీటి పంపును కళాశాల ఆవరణకు తెచ్చి, ఊరిలోని పనివారిని గురువులుగా పిలిచి, వారి పర్యవేక్షణలో విప్పి బిగించడం నేర్చుకోవచ్చు. 2009లో నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే మహిళ ‘రిపేర్ కెఫే’ పేరుతో ఇటువంటి సమావేశాన్ని ప్రారంభించింది. నేడు ఎన్నో దేశాలలో అటువంటివి జరుగుతున్నాయి. దీనికి పెద్ద భవనం అక్కరలేదు, పెద్ద పెట్టుబడీ అక్కరలేదు. అబ్బాయిలకే పరిమితమైన పని కూడ కాదు. మరకు ఆడ మగ తేడా తెలియదు.

అరవై ఏళ్ల కిందటి ట్రాక్టరును నడిపించడం వల్ల అమెరికాలోని ఆ ఔత్సాహికులకు గొప్ప ధనలాభం కలగదు. ఒక్కొక్కసారి యంత్రం వెల కంటె మరమ్మతు ఖర్చే ఎక్కువ కావచ్చు. అయినా చెడినదానిని సరిచేయగలననే ధైర్యం, తెలియనిది అడగడానికి వెనుదీయని వినయం, తెలిసినది దాచుకోని ఔదార్యం వారికి ఆ పని వల్ల అలవడుతున్నాయి. ఈ మూడు గుణాలు ఏ వృత్తిలో ఉన్నవానికైనా అవసరమే. మీ ఇంటిలో మూలపడి ఉన్న ఒక వస్తువును ఈ సెలవులలో ఎన్నుకోండి. దాని పని తెలిసిన పెద్దవారిని ఒకరిని ఆశ్రయించండి. మీ చేతులకు అంటిన మసి సబ్బుతో పోతుంది, ఆ చేతులు నేర్చిన విద్య మాత్రం మీతోనే ఉంటుంది.